మతిమరుపు పరీక్షలో ఫెయిలైన ఊరు

మా ప్రాజెక్టు మూతపడిన తర్వాత, ఇలాంటి పనిలోనే చేరబోతున్న కొందరు కుర్రవాళ్లు నాకు ఫోన్ చేశారు. దాదాపు అందరూ అడిగింది ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని రావాలి అని. చెప్పాను. కానీ ఫోన్ పెట్టేశాక ప్రతిసారీ, అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించేది. అది ఇక్కడ రాస్తున్నాను.

నాది పదవీ విరమణ వయసు కాదు. ముప్పై ఐదు ఇంకా నిండలేదు. అయినా ఆ పనికి సంబంధించినంత వరకు నేను రిటైరైనవాడినే. ఇప్పుడు ఆసుపత్రి పరికరాలు బాగుచేసే చోట ఉన్నాను. మళ్లీ అటు వెళ్లే ఉద్దేశం లేదు. జీతాలు, పదవులు, రిపోర్టుల గురించి రాయను. అవి చేరిన మొదటి నెలలోనే మీకు తెలిసిపోతాయి.

పని ఏమిటంటే

పెద్ద వయసువారిలో జ్ఞాపకశక్తి తగ్గుతోందా, తగ్గితే అది వయసు వల్లనా, జబ్బు వల్లనా అన్నది తొలిదశలోనే పసిగట్టే పరీక్ష మాది. దాన్ని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఊరూరా తీసుకెళ్లాలి. జట్టులో ముగ్గురం. వసుధ మేడం డాక్టర్ చదివి, తర్వాత మెదడు మీద పరిశోధనలోకి వెళ్లిన శాస్త్రవేత్త. రజియా గద్వాల అమ్మాయి, సైకాలజీ చదివింది. మనుషుల ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగేది ఆమె. నేను తెలకపల్లివాణ్ణి, ఎలక్ట్రానిక్స్ చదివాను. పరీక్షను ట్యాబ్‌లోకి ఎక్కించడం, వచ్చిన జవాబులను లెక్కగట్టడం నా వంతు.

పరీక్ష మొదట మా చేతికి వచ్చినప్పుడు అది బడికి వెళ్లినవాళ్ల కోసం రాసినది. గడియారం బొమ్మ గీయమంటుంది. పెన్సిల్ జీవితంలో పట్టనివాళ్లకు ఆ ప్రశ్న జ్ఞాపకాన్ని కాదు, చేతిని పరీక్షిస్తుంది. తారీఖు అడుగుతుంది. అచ్చంపేట దగ్గర ఒక పెద్దమనిషిని రజియా అదే అడిగితే ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు.

"తారీఖుతోని నాకేం పని బిడ్డా? మృగశిర కార్తె వచ్చి వారమాయె. ఇత్తనం ఏసిన, ఆన లేదు. గదడుగు, జెప్త."

ఆయన చెప్పింది నిజం. మా లెక్క ప్రకారం సున్నా. కార్తె చెప్పినా సరైన జవాబుగా తీసుకోవాలని మేడం పై కమిటీకి రాశారు. అలా మారిస్తే వేరే దేశాల ఫలితాలతో పోల్చడానికి కుదరదని వారి జవాబు. వారి మాటలోనూ న్యాయం ఉంది. పోల్చలేని కొలత శాస్త్రవేత్తకు పనికిరాదు. కానీ ఆరోగ్యంగా ఉన్న రైతుకు జబ్బు అంటగట్టే కొలత ఇంకెవరికీ పనికిరాదు. ఆ ఉత్తరాలు నడుస్తూ నడుస్తూ ఉండగానే ఒక పంటకాలం గడిచిపోయింది. చివరికి మార్చనిచ్చారు. మీరు చేరిన మొదటి రోజే ఆలస్యం గురించి విసుక్కోకండి. విసుగు దాచుకోండి, ముందు ముందు చాలా అవసరం పడుతుంది.

ఇంటిముందు పరీక్ష

మా దగ్గర మనిషి ఒంటరిగా కూర్చుని జవాబు చెప్పడమన్నది లేదు. ఒకరిని అడిగితే వీధంతా చెబుతుంది. అది మోసం కాదు. పెద్దవాళ్లు తడబడితే పక్కవాళ్లు మాట అందించడం ఇక్కడ మర్యాద. నా సొంత మండలంలోనే ఒక ముసలాయనను "ఈ రోజు ఏ వారం?" అని అడిగామో లేదో, గోడ అవతల నుంచి ఒకామె, నల్లా దగ్గర నుంచి ఇద్దరు ఒక్కసారే అరిచారు.

"బేస్తారం అను పెద్దయ్యా, బేస్తారం!"

"ఆయనకు తెల్వదా ఏంది? మీరు జర ఊకుండ్రి!" అన్నది ఆయన భార్య. అనేసి తనే ఆయన చెవి దగ్గర వంగి "బేస్తారం" అని చెప్పింది.

మేడం ట్యాబ్ మూసేసి నవ్వారు. తర్వాత నుంచి ఊళ్లో బడి వరండా అడిగి తీసుకుని, ఒక గది తలుపు వేసి పరీక్ష పెట్టడం మొదలుపెట్టాం. తలుపు వేశాక లోపల ఏం జరుగుతోందో తెలియక బయట అనుమానాలు పుట్టాయి. ఒక సమస్యకు మేము కనిపెట్టిన ప్రతి పరిష్కారమూ రెండో సమస్యను వెంటబెట్టుకుని వచ్చేది.

జబ్బార్ సాబ్

వనపర్తిలో జబ్బార్ సాబ్ అనే దర్జీ ఉండేవారు. షేర్వానీలు కుట్టడంలో పేరున్న మనిషి. కొలత తీసుకుని, రాసుకునేలోపు మరిచిపోతున్నారని ఆయన కొడుకు గఫూర్ మమ్మల్ని పిలిపించాడు. పరీక్ష చేశాం. మేడం మరో రోజు వచ్చి మళ్లీ చేశారు. రక్త పరీక్షలు, స్కానింగ్ అన్నీ అయ్యాక జబ్బు ఖాయమైంది. మా పరీక్ష సరిగ్గా పనిచేసిన కేసు అది. నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది.

గఫూర్ దుకాణం షట్టర్ సగం దించి అడిగాడు.

"మందు ఉన్నదా మేడం?"

"ఉంది. కానీ తగ్గించేది కాదు. కొన్నాళ్లు కొంచెం నెమ్మదిగా పెరిగేలా చేస్తుంది. అందరికీ పనిచేస్తుందని కూడా చెప్పలేను."

"మరి గిది తెలిసి ఏం ఫాయిదా? నిన్నటిదాంక అబ్బాకు వయసయింది అనుకుంటుంటిమి. ఇయ్యాల్టి సంది బీమార్ అనుకోవాల్నా?"

మేడం తప్పించుకోలేదు. దుకాణం పత్రాలు, ఇంటి సంగతులు ఆయనకు తెలివి ఉండగానే ఆయన ఇష్టప్రకారం చక్కబెట్టుకోవచ్చని, ఆయన కోప్పడితే అది జబ్బు వల్లనేనని అర్థం చేసుకోవచ్చని, తప్పిపోకుండా చూసుకోవచ్చని చెప్పారు. గఫూర్ అంతా విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"మీ బండి మీద 'మెదడు పరీక్ష' అని రాసున్నది. జర గల్లీ బయట ఆపుండ్రి మేడం. చెల్లె పెండ్లి మాటలు నడుస్తున్నయ్. మెంటల్ అంటరు."

మేము ఆ మాట తీసేశాం. బ్యానర్ మీద, బండి మీద "మెదడు" బదులు "మతిమరుపు పరీక్ష" అని రాయించాం. అందరికీ తెలిసిన మాట, భయపెట్టని మాట. ఆ మార్పును నేనే బలపరిచాను. తర్వాత జరిగినదానికి ఆ పేరు కూడా ఒక కారణమైంది.

ధరూర్ వైపు ఊరు

ధరూర్ మండలంలో కృష్ణ వైపు ఒక ఊరు. వరి, పత్తి, పల్లికాయ. పేరు రాయను, ఆ ఊరి తప్పేమీ లేదు కనుక.

క్యాంపుకు ముందు రోజు పంచాయతీ మైకులో చెప్పించాం. చెప్పిన మనిషి మేమిచ్చిన కాగితం చదవకుండా తన మాటల్లో చెప్పాడట: "రేపు బడి కాడికి సార్లు వస్తుండ్రు. మతిమరుపు ఉన్న ముసలోళ్లను రాసుకుంటరు, అందరు రావాలె." రాసుకుంటరు అంటే ఆ ఊళ్లో ఒకటే అర్థం, పింఛన్‌కు. పైగా కొంతకాలం కింద అదే బడి వరండాలో వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపు జరిగింది. అక్కడ డాక్టర్లు చూసి వైకల్యం ఇంత శాతం అని రాసిచ్చారు, దాన్ని బట్టే పింఛన్ వచ్చింది.

ఉదయం మేము వెళ్లేసరికి బడి నిండిపోయింది. ఏ ఊళ్లోనూ అంతమంది రాలేదు. మేడం ముఖం వెలిగిపోయింది. సాయంత్రానికి నేను జవాబులు లెక్కగట్టి చూస్తే, ఊళ్లోని పెద్దవాళ్లలో ఒక్కరికీ ఏమీ గుర్తులేదు. భర్తల పేర్లు, భార్యల పేర్లు కూడా.

బయటికొస్తుంటే ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు.

"నాకు ఎంత పర్సంట్ వచ్చింది సారూ?"

"ఇందులో పర్సంట్ ఉండదు పెద్దయ్యా."

"నాకు జెప్పకున్నా మంచిదే. గని గా ఉసేనప్పకు నాకన్న ఎక్కువ రాయకుండ్రి. వాడు ముప్పయేండ్ల కింద నేను బదులు దెచ్చిన గొడ్డలి ఇయ్యాల్టిదాంక మర్వలే! వానికి మతిమరుపా?"

బండెక్కాక మాకు విషయం అర్థమైంది. రజియా పడీ పడీ నవ్వింది. మేడం నవ్వలేదు. ఆ వారమే డబ్బిచ్చే సంస్థవాళ్లు ఎంతమందిని పరీక్షించారో లెక్క చూపమని కఠినంగా రాశారు. ఆ లెక్క చూపించగలిగే ఒకే ఒక రోజు ఇలా అయింది.

పింఛన్ వస్తుందని అందరూ కావాలనే తప్పు చెప్పారనడానికి నేను రుజువు కూడా చూపించాను. మా పరీక్షలో ఒక భాగం ఇలా ఉంటుంది. మొదట కొన్ని బొమ్మలు చూపిస్తాం: నాగలి, మేక, గొడుగు, తాళం ఇలాంటివి. కాసేపయ్యాక రెండేసి బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఇందులో ఇందాక చూసింది ఏది అని అడుగుతాం. ఏమీ గుర్తులేనివాళ్లు గుడ్డిగా వేలు పెట్టినా సుమారు సగం సరిపోతాయి. అన్నీ తప్పు కావాలంటే సరైనది ఏదో తెలిసి, దాన్ని వదిలి రెండోది చూపించాలి. ఆ ఊరు దాదాపు మొత్తం అన్నీ తప్పు చూపించింది. అంటే ఊరి జ్ఞాపకశక్తి దివ్యంగా ఉంది.

"ఈ ఊరు మొత్తం తీసెయ్" అన్నారు మేడం. "నిబంధన ఉంది. నమ్మకం లేని జవాబులు ఇంతకు మించితే ఆ ఊరినే లెక్కలోంచి తీసేయాలి. ఎవరికీ ఫలితాలు పంపొద్దు. ఏమని పంపుతాం?"

నిబంధన నిజమే. తీసేశాను. నాకూ అదే సరైనదనిపించింది. ఆ ఊరికి మళ్లీ వెళ్లలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తిమ్మప్ప ఫోన్

కొన్ని వారాల తర్వాత వనపర్తిలో ఒక క్యాంపులో ఉండగా రజియాకు ఫోన్ వచ్చింది. ఆమె విని, నా వైపు చూసి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నేను తిమ్మప్పను. ధరూర్ దిక్కు మా ఊరి బడి కాడ మా ఇంటామె నాగమ్మను సూసిన్రు గద. రిపోర్టు ఎప్పుడొస్తదమ్మా?"

"నాగమ్మకు ఎట్లున్నది తిమ్మప్పా?" అన్నది రజియా.

"ఏం జెప్పాలె. అన్నం నోట్లె పెడితే నమలుడు మర్చిపోతున్నది. పండితే లేస్తలేదు. మా అల్లుడు దవాఖానకు తీస్కపోదం అన్నడు. నేనే ఆపిన. పెద్ద డాక్టరమ్మ మిషన్‌ల సూసింది, చిట్టీ రాసిస్తది, ఆ చిట్టీ తీస్కొని పోదమని సూస్తున్నం."

రజియా ఫోన్ పెట్టేసింది. పరీక్ష చేసినవాళ్లు ఏదైనా ఉంటే చెబుతారు, చెప్పలేదంటే చెప్పబోతున్నారు. తిమ్మప్ప అలా అనుకున్నాడు. ప్రభుత్వ కాగితం కోసం ఎదురుచూడటం అలవాటైన ఇంట్లో ఎవరైనా అలాగే అనుకుంటారు. మేము పరీక్ష పెట్టకపోయి ఉంటే అల్లుడి మాట నెగ్గి, ఆమె ఎప్పుడో ఆసుపత్రికి వెళ్లి ఉండేది.

పక్కన పెట్టేసిన ఊరి జవాబులు మళ్లీ తెరిచాను. నాగమ్మ పేరు దగ్గర ఆగాను. బొమ్మల భాగంలో ఆమె అన్నీ తప్పు చూపించలేదు. సగం సరైనవి, సగం తప్పు. కావాలని తప్పు చెప్పేవారికి అలా రాదు. ఏమీ గుర్తులేక, అడిగారు కాబట్టి ఏదో ఒకటి చూపించినవారికి వస్తుంది. ఊరంతా నాటకమాడిన చోట ఆ ఒక్క మనిషే నిజం చెప్పింది. మేము ఊరిని మొత్తంగా చూశాం, మనుషులను ఒక్కొక్కరిగా చూడలేదు.

మేడంకు ట్యాబ్ ఇచ్చాను. ఆమెకు వివరించాల్సిన అవసరం రాలేదు. ఒక్క క్షణం చూసి, "బండి తియ్యమను" అన్నారు. క్యాంపులో వరుసలో కూర్చున్నవాళ్లకు రజియా క్షమాపణ చెబుతుంటే మేము బయల్దేరాం.

నాగమ్మ ఇంట్లో నులక మంచం మీద ఉంది. మేడం ఆమె కళ్లలో లైటు వేసి చూశారు. రెండు చేతులూ ఎత్తి పట్టుకోమన్నారు. కుడిచెయ్యి కిందికి జారిపోయింది.

"ఈమె ఎప్పుడైనా కింద పడిందా?" అని తిమ్మప్పను అడిగారు.

"పడ్డది మేడం. ట్రాలీ మీదికెల్లి పల్లికాయ మూట దించుతుంటె కాలు జారె. తల్కాయకు తాకింది. గని నెత్తురు రాలే. బామ్ రాసినం, లేసి పనికి పోయింది."

"ఎప్పుడు?"

"మీరు రాకముందే. ఎన్ని దినాలకో గిట్ల మొదలాయె. మర్చిపోవుడు, ఊకె పండుడు. ముసల్తనం అనుకున్నం. గంతల మీరు మతిమరుపోళ్ల కోసమే వస్తున్నరని మైకుల జెప్పిన్రు."

తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల సన్నని రక్తనాళం తెగి, వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తం చేరవచ్చు. పైకి గాయం ఉండదు. మతిమరుపులా, ముసలితనంలా కనిపిస్తుంది. మనకు ఎదురయ్యే మతిమరుపుల్లో, త్వరగా పట్టుకుంటే మనిషిని తిరిగి మనిషిగా ఇచ్చే కొద్ది రకాల్లో ఇది ఒకటి. జబ్బార్ సాబ్‌కు మేము చెప్పగలిగాం, బాగుచేయలేకపోయాం. నాగమ్మకు బాగయ్యే వీలుంది, మేము చెప్పలేదు.

మా బండిలోనే కర్నూలు తీసుకెళ్లాం. స్కానింగ్‌లో రక్తపు గడ్డ మెదడును ఒక పక్కకు నెట్టేసి కనిపించింది. ఆ రోజే పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఆపరేషన్ చేసిన డాక్టర్ బయటికొచ్చి, ఎవరినీ నిందించే గొంతుతో కాకుండా, మామూలుగా అన్నాడు: ఇంకాస్త ముందు తెస్తే చెయ్యి పూర్తిగా వచ్చేది. వరండాలో తిమ్మప్ప కూడా ఆ మాట విన్నాడు.

చేరబోయేవారికి

నేర్చుకున్నది చిన్న చిన్న సంగతులుగా రాసిపెట్టుకున్నాను. అందులో మూడు మీకు పనికొస్తాయి.

ఒకటి. ఎవరిని పరీక్షించినా, ఫలితం ఉన్నా లేకపోయినా, పేరు పేరునా జవాబు వెళ్లాలి. "మాకు ఏమీ తెలియలేదు, మీకు అనుమానముంటే ఆసుపత్రికి వెళ్లండి" అన్నది కూడా జవాబే. మనం మౌనంగా ఉంటే ఏమీ చెప్పలేదని మనం అనుకుంటాం. వాళ్లు ఆగమన్నామని అనుకుంటారు.

రెండు. నమ్మకం లేని జవాబులు తీసేయక తప్పదు. తీసేసే ముందు ఒక్కో మనిషిని చూడండి. కుప్పలో అందరూ ఒకేలా ఉండరు.

మూడు. తలుపు వేసి పరీక్ష పెట్టండి. కానీ పరీక్ష అయ్యాక ఇంట్లోవాళ్లను లోపలికి పిలిచి, ఈ మధ్య ఏం మారింది, పడ్డారా, దెబ్బ తగిలిందా అని నింపాదిగా అడగండి. పరీక్ష చిన్నదిగా ఉండాలని మేము ఆ సంభాషణను కుదించాం. ఆ పూట పది నిమిషాలు మిగిలాయి, అంతే.

వసుధ మేడం చెడ్డ శాస్త్రవేత్త కాదు. నేను చూసినవాళ్లలో అందరికంటే నిజాయితీ ఉన్న మనిషి. చివరి నివేదికలో "ఒక ఊరి జవాబులు నమ్మదగినవి కానందున తొలగించాము" అన్న వాక్యాన్ని కమిటీ రాసిపెడితే ఆమె ఒప్పుకోలేదు. ఏం జరిగిందో రాయాలని పట్టుబట్టారు. అదంతా పాఠకులకు అనవసరం అన్నారు కమిటీవాళ్లు. ఆ పేచీ తేలకముందే డబ్బు ఆగిపోయింది, ప్రాజెక్టు మూతపడింది. ఈ రంగంలో అసహనం యంత్రాల వల్లా, జనం వల్లా వస్తుందనుకుని చేరాను. ఎక్కువ భాగం మనం ఏది రాయదగినదని అనుకుంటామో అక్కడి నుంచే వస్తుంది.

మూసేసే ముందు మేడం, నేను, రజియా ఆ ఊరికి వెళ్లాం. నాగమ్మ ఇంటిముందు కూర్చుని ఎడమచేత్తో పల్లికాయలు ఒలుస్తోంది. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. మమ్మల్ని గుర్తుపట్టింది. ఆసుపత్రికి వెళ్లి తనను చూసివచ్చిన రజియాను పేరు పెట్టి పిలిచింది.

మేడం తిమ్మప్పతో అన్నారు: "తప్పు మాది. ఆ రోజే చెప్పి ఉండాల్సింది."

తిమ్మప్ప తువాలు భుజం మీద సర్దుకున్నాడు. "జెప్పుంటె పోతుంటిమి మేడం" అన్నాడు. "మీరు జెప్తరని సూస్తుంటిమి." అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఛాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు.

నాగమ్మ నా చేతిలోని ట్యాబ్ వైపు చూసింది. ఊళ్లో ఆ రోజు ఎవరెవరు ఏమేం చెప్పారో, ఎందుకు చెప్పారో ఆమెకు ఈలోపు అందరూ నవ్వుకుంటూ చెప్పి ఉంటారు.

"కొడుకా, ఆ దినం అందరు నాటకం ఆడిన్రంట" అన్నది. "నేను ఆడలే. నాకు నిజంగనే యాద్ రాలే."

మేడం ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. ఒళ్లో ఉన్న కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "తెలుసు నాగమ్మా" అన్నారు.